స్టీల్‌హెడ్ వేటకు గైడ్: ఏ ఏరు, ఏ వారం, ఏ పద్ధతి?

ఎర్రనీరు రాగానే పులస సముద్రం వదిలి గోదావరికి ఎదురెక్కుతుంది. మా ఊళ్లో ఆ కబురు చేప కన్నా ముందే ఇంటికి చేరేది. క్లీవ్‌లాండ్ వచ్చిన కొత్తలో ఒక అక్టోబర్ ఉదయం, వాన వెలిసిన మర్నాడు, రాకీ నది ఒడ్డున నడుస్తుంటే నడుములోతు చన్నీళ్లలో కదలకుండా నిలబడ్డ మనుషులు కనిపించారు. ఏం పడుతున్నారని అడిగితే స్టీల్‌హెడ్ అన్నారు. అదీ మన పులస లాంటి ప్రయాణమే చేస్తుందని అర్థం కావడానికి నాకు మరో రెండేళ్లు పట్టింది.

స్టీల్‌హెడ్ అంటే వేరే చేపేమీ కాదు, రెయిన్‌బో ట్రౌటే. కాకపోతే పుట్టిన వాగులో ఉండిపోకుండా పెద్ద నీళ్లకు పోయి, మేసి, బలిసి తిరిగొస్తుంది. దాని సొంత ఊరు పసిఫిక్ తీరం. 1876లో కాలిఫోర్నియా రెయిన్‌బో ట్రౌట్‌ను మిషిగన్‌లోని ఆసేబుల్ (Au Sable) నదిలో వదిలారు. అప్పటినుంచి ఇక్కడి చేపలకు సముద్రం బదులు గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సులే సముద్రమయ్యాయి. గుడ్లు పెట్టేది ఎక్కువగా వసంతంలోనే. అయినా వాటిలో చాలా చేపలు శరత్కాలపు వానలకే వాగులెక్కి, చలికాలమంతా మడుగుల్లో గడుపుతాయి. పైగా చినూక్ సాల్మన్‌లా గుడ్లు పెట్టగానే చచ్చిపోవాలని లేదు, బతికి సరస్సుకు తిరిగి వెళ్లేవీ ఉంటాయి. అందుకే ఇక్కడివాళ్లలో చాలామంది పట్టి వదిలేస్తారు.

ఈ సీజన్ మొదలవగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "గైడ్‌ని పెట్టుకుందాం అనుకుంటున్నాం, ఎక్కడికి వెళ్లాలి?" జవాబుగా నలుగురు నాలుగు నదుల పేర్లు చెబుతారు. అందరూ నిజమే చెబుతారు, అడిగినవాడికి మాత్రం ఏమీ తేలదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గైడ్ పెట్టిన ఫోటోలు చూసి మురిసిపోయి, సెలవు దొరికిందని సెప్టెంబర్ ఆఖరి వారానికి బుక్ చేశాను. నెల రోజులుగా వాన లేదు. వాగులో నీళ్లు చీలమండ దాటలేదు, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. అయినా గైడ్ తీసుకెళ్లాడు, పూర్తి డబ్బు తీసుకున్నాడు, రోజంతా ఖాళీ మడుగుల మీద గాలం వేయించాడు. తప్పు అతనిదెంతో నాదీ అంతే. ఆ రోజు నీళ్లు ఎలా ఉంటాయి అన్న ప్రశ్న నేను అడగనే లేదు.

అప్పటినుంచి నా వరుస మారింది. ముందు నీళ్లు, తర్వాత గైడ్, ఫోటోలు అన్నిటికన్నా ఆఖరున. కింద రాసినదంతా ఆ లెక్కలోనే.

వాన మీద బతికే వాగులు, డ్యామ్ మీద బతికే నదులు

ఇక్కడి ఏరులన్నీ నా దృష్టిలో రెండు రకాలు. ఈరీ సరస్సు దక్షిణపు ఒడ్డున ఒహాయో నుంచి పెన్సిల్వేనియా మీదుగా న్యూయార్క్ దాకా వరుసగా ఉన్న వాగుల్ని కలిపి 'స్టీల్‌హెడ్ ఆలీ' అంటారు. ఇవి వాన మీద ఆధారపడ్డవి. వాన పడితే బురద, పడకపోతే ఎండు, మధ్యలో రెండు మూడు రోజులు బంగారం. రెండో రకం డ్యామ్ కింద పారేవి. ఒంటారియో సరస్సులో కలిసే సాల్మన్ నది, మిషిగన్‌లో మస్కీగన్, మానిస్టీ ఇలాంటివి. అక్కడ వాన లేకపోయినా ఎంతోకొంత నీరు నడుస్తూనే ఉంటుంది.

మన పేపర్లలో శ్రీశైలం, ధవళేశ్వరం వార్తలు చదివినవాళ్లకు క్యూసెక్కుల లెక్క కొత్త కాదు. ఇక్కడా అదే లెక్క. అమెరికా జియలాజికల్ సర్వే ముఖ్యమైన ఏరుల్లో చాలావాటి మీద కొలత పరికరం పెట్టి, ఎన్ని క్యూసెక్కులు పారుతోందో ఎప్పటికప్పుడు వెబ్‌సైట్లో చూపిస్తుంది. కాకపోతే ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరికే 10 లక్షల క్యూసెక్కుల దగ్గర ఎగరేస్తారు, ఇక్కడ సాల్మన్ నదిలో సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా డ్యామ్ వదలాల్సిన కనీస నీరు 335 క్యూసెక్కులు. మా నాన్నకి ఈ అంకె చెప్పినప్పుడు "దాన్ని నది అంటార్రా?" అన్నారు. ఆయన అన్నది నిజమే. కానీ ఆ కాలవంత నీటిలో తొమ్మిది పౌండ్ల చేప తీగ లాక్కుని పరిగెడితే తెలుస్తుంది.

ఒహాయో

వెర్మిలియన్, రాకీ, షాగ్రిన్, గ్రాండ్, ఆష్టబులా, కానియట్. పడమర నుంచి తూర్పుకు ఇదీ వరుస. ఇక్కడి చేపల పుట్టిల్లు మిషిగన్. అక్కడి లిటిల్ మానిస్టీ నదిలో తీసిన గుడ్లను పెంచి, పిల్లల్ని ఏటా వసంతంలో ఈ నదుల్లో వదులుతారు. ఆ జాతి స్వభావం ఏమిటంటే ఎక్కువ భాగం చలికాలం చివర, వసంతంలో పైకొస్తుంది. శరత్కాలంలో ఒహాయోలో పడేవాటిలో దారి తప్పి వచ్చిన పెన్సిల్వేనియా చేపలు చాలా ఉంటాయి. అందుకే అక్టోబర్లో తూర్పు కొస, అంటే కానియట్ వైపు, ముందు చేపలు కనిపిస్తాయి. పడమటి నదులు నవంబర్ మధ్యకి గాని ఊపందుకోవు. ఈ ముక్క తెలియక అక్టోబర్ మొదట్లో వెర్మిలియన్‌కి బుక్ చేసుకుని తిట్టుకునేవాళ్లని చూశాను.

రాకీ నది గొప్పదనం వేరు. క్లీవ్‌లాండ్ మెట్రోపార్క్స్ చేతిలో ఉండటం వల్ల మైళ్ల కొద్దీ ఒడ్డు అందరిదీ. కారు ఆపి పది అడుగులు వేస్తే నీళ్లు. ఒహాయోలో మిగతా చోట్ల నది అడుగు కూడా పక్క పొలం ఆసామిదే కావచ్చు, నీళ్లలో నిలబడినా అతిక్రమణ అంటారు. అక్కడ గైడ్ విలువ చేప చూపించడంలో కాదు, ఏ గట్టు దిగొచ్చో తెలియడంలో ఉంది. గ్రాండ్ నది పెద్దది, బురద పడితే తేటపడటానికి చాలా రోజులు తీసుకుంటుంది. కానియట్, ఆష్టబులా తొందరగా తేరుకుంటాయి. మంచి గైడ్ ఈ తేడానే వాడుకుంటాడు.

పెన్సిల్వేనియా

శరత్కాలం ఒక్కటే చూసుకుంటే చేపల సంఖ్యలో దీనికి సాటి లేదు. ఏటా సుమారు పది లక్షల పిల్లల్ని వదిలేది ఈ చిన్న తీరంలోనే. ఎల్క్ క్రీక్, వాల్‌నట్ క్రీక్, ట్వంటీమైల్ క్రీక్ ముఖ్యమైనవి. అడుగంతా పలకరాయి. వాన నీరు జర్రున వచ్చి జర్రున పోతుంది, ఒకటి రెండు రోజుల్లో తేటబడుతుంది. నీళ్లు తగ్గితే చేపలు మడుగుల్లో బారులు తీరి కళ్లకు కనిపిస్తాయి. కనిపించడం వేరు, పడటం వేరు. అద్దంలాంటి నీళ్లలో అవి మనల్నీ చూస్తుంటాయి.

నాకు నచ్చనిది జనం. శనివారం పొద్దున వాల్‌నట్ క్రీక్ చూస్తే పుష్కరాల రేవు గుర్తొస్తుంది. భుజం భుజం తగులుతూ నిలబడి గాలం వేయాలి, పక్కవాడి తీగలో మన తీగ పడితే రెండు భాషల్లోనూ తిట్లు. పైగా ఎల్క్ క్రీక్ గట్లలో చాలా భాగం ప్రైవేటు భూమే. ఇక్కడ గైడ్‌ని పెట్టుకుంటే రెండు సంగతులు అడగాలి: ప్రైవేటు గట్టు మీద అనుమతి ఉందా, పనిదినం దొరుకుతుందా. మంగళవారం ఎల్క్ క్రీక్, శనివారం ఎల్క్ క్రీక్ ఒకటి కావు.

లైసెన్స్‌కి తోడు ఇక్కడ లేక్ ఈరీ పర్మిట్ కూడా కావాలి. మనవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి ఎలాగూ వస్తుంటారు. అక్కడినుంచి ఐ-79 పట్టుకుని ఉత్తరానికి రెండు గంటలు నడిపితే ఆ రోడ్డు సరస్సు ఒడ్డున ఈరీ నగరంలోనే ఆగిపోతుంది. శనివారం దర్శనం, ఆదివారం గుడి మెట్ల దగ్గర భార్యాపిల్లల్ని వదిలి వాగు, అనే ప్లాన్ మాత్రం వేయకండి. మా ఇంట్లో ఒకసారి వేశాను.

కాటరాగస్ క్రీక్

న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలోకి దక్షిణంగా, ఈరీ సరస్సులోనే కలుస్తుంది. పేరుకి క్రీక్ గానీ తీరులో నది. పై భాగంలో చేపలు సహజంగానే గుడ్లు పెట్టి పిల్లలవుతాయి, అందుకే హేచరీలో పుట్టని చేప పడే అవకాశం ఇక్కడ ఎక్కువ. వెడల్పైన నీళ్లు, పొడవాటి నడక, మనుషుల మధ్య దూరం. రెండు చేతుల రాడ్‌తో ఈకల ఎరను వాలుగా ఈదించే పద్ధతి నేర్చుకోవాలంటే ఈరీ తీరంలో నేను చెప్పే చోటు ఇదే.

రెండు చిక్కులున్నాయి. ఇక్కడి ఒడ్డుల్లో బంకమన్ను ఎక్కువ, గట్టి వాన పడితే వారం దాకా పాలు ఎక్కువైన టీ లాగే ఉంటుంది. రెండోది, కింది భాగం సెనెకా నేషన్ అనే అమెరికా ఆదివాసుల భూభాగం. అక్కడ న్యూయార్క్ రాష్ట్ర లైసెన్స్ చెల్లదు, వాళ్ల లైసెన్స్ విడిగా కొనాలి. గైడ్‌కి కూడా అక్కడ పనిచేసే అనుమతి ఉందో లేదో ముందే అడగండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

సాల్మన్ నది, పులాస్కి

పులస కాదు, పులాస్కి. న్యూయార్క్ రాష్ట్రంలోనే ఒక ఊరు. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి దాదాపు ఐదు గంటల డ్రైవ్ కాబట్టి అటువైపు మనవాళ్లకి ఇదే దగ్గర. సెప్టెంబర్, అక్టోబర్లలో చినూక్ సాల్మన్ వేలకు వేలు పైకొస్తాయి, వాటి గుడ్లు తినడానికి వెనకే స్టీల్‌హెడ్ వస్తుంది. అక్టోబర్ మొదట్లో వెళ్తే నది పొడుగునా చచ్చిన సాల్మన్ వాసన, ఒడ్డు పొడుగునా జనం. స్టీల్‌హెడ్ కోసమైతే అక్టోబర్ ఆఖరు దాటాక వెళ్లండి. సాల్మన్ అయిపోతుంది, జనం పలచబడతారు, చేప కొత్తగా వెండిలా ఉంటుంది.

ఇక్కడి చేప ఈరీ వాగుల చేప కన్నా సగటున పెద్దది, రోజుకి ఎన్ని పడతాయి అంటే మాత్రం తక్కువ. నీళ్లు ఉధృతం, రాళ్లు గుండ్రం, వాటి మీద పాచి. ఇనుప మొలల బూట్లు, ఊతకర్ర లేకుండా దిగొద్దు. ఆల్ట్‌మార్ నుంచి పులాస్కి దాకా డ్రిఫ్ట్ బోటులో, అంటే ప్రవాహంతో పాటు సాగే తెడ్ల పడవలో, వెళ్లొచ్చు, అసలు సుఖం అందులోనే. ఆల్ట్‌మార్ దగ్గర ఫ్లై, అంటే ఈకల ఎర, మాత్రమే వాడి పట్టి వదిలేయాల్సిన భాగాలున్నాయి. కింద డగ్లస్టన్ సాల్మన్ రన్ అనే ప్రైవేటు నీళ్లకు రోజు రుసుము కట్టి వెళ్లొచ్చు, మనుషుల సంఖ్యకి హద్దు ఉంటుంది.

నవంబర్ నుంచి సరస్సు మీదుగా వచ్చే మంచు ఈ ఊరిని ముంచెత్తుతుంది. ఆదివారం సాయంత్రం తిరిగి రాగలమా అన్నది కూడా ఎంపికలో భాగమే.

మిషిగన్

పేర్ మార్కెట్ నది గురించి ఒక్క మాట చాలు: ప్రధాన పాయ మీద డ్యామ్ లేదు, చేప సహజంగా పుట్టిందే. అడవి, వంకర్లు, నీళ్లలో పడ్డ చెట్లు. తీగ ఆ కొమ్మల్లోకి పోతే అంతే సంగతులు. మస్కీగన్, మానిస్టీ వెడల్పైనవి, పడవకి అనుకూలం. డెట్రాయిట్ నుంచి మూడున్నర నాలుగు గంటలు. కొత్తవాళ్లకి మస్కీగన్, రెండు మూడు సీజన్లు చూసినవాళ్లకి పేర్ మార్కెట్ అంటాను.

కాళ్ల మీదా, పడవలోనా

రోజంతా గైడ్‌కి ఇద్దరికి కలిపి 450 నుంచి 600 డాలర్ల మధ్య నేను కట్టాను, పైన 15–20 శాతం టిప్. పడవ ఉన్నచోట కాస్త ఎక్కువ. లైసెన్స్ ఇందులో కలవదు. సగం రోజు ప్యాకేజీ చవకగా కనిపిస్తుంది గానీ మొదటిసారి వెళ్లేవాళ్లకి అది దండగ. రాడ్ పట్టుకోవడం, బెండు కదలిక గమనించడం అలవాటయ్యేసరికే రెండు గంటలు పోతాయి, చెయ్యి తిరిగే వేళకి తిరుగు ప్రయాణం.

నడిచే ట్రిప్పులో మనం ఎక్కువ నేర్చుకుంటాం. ఏ రాయి వెనక చేప ఉంటుంది, ఎక్కడ నిలబడాలి, ఎలా దాటాలి. తర్వాత మనంతట మనమే వెళ్లొచ్చు. పడవలో ఎక్కువ నీళ్లు చూస్తాం, తక్కువ నేర్చుకుంటాం, ఎందుకంటే నిర్ణయాలన్నీ తెడ్డు పట్టినవాడివే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, అరవై దాటిన తల్లిదండ్రులు, పదేళ్ల పిల్లలు వస్తుంటే మరో ఆలోచన లేకుండా పడవే. నలుగురు వెళ్తుంటే ఒకే గైడ్ సరిపోతాడనుకోవద్దు. ఇద్దరి కన్నా ఎక్కువైతే ప్రతివాడి వంతూ నిరీక్షణే అవుతుంది.

గుడ్లా, ఈకలా

సన్నని వల గుడ్డలో మూట కట్టిన చేప గుడ్లు, బెండు, పొడవాటి రాడ్. చేప పట్టాలంటే ఇంతకు మించింది లేదు. అడ్డులేకుండా చక్రంలా తిరిగే సెంటర్‌పిన్ రీల్ ఉన్న గైడ్ అయితే బెండుని నీటి వేగంతోనే వంద అడుగులు నడిపిస్తాడు, చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది. ఫ్లై రాడ్ మీద గుడ్డు ఆకారపు నూలు ఉండ, పైన చిన్న తేలుడు బంతి అనేది మధ్యే మార్గం. ఇక వాలుగా ఈదించే పద్ధతిలో రోజుకి ఒక్క లాగుడు వచ్చినా అదృష్టమే. ఆ ఒక్క లాగుడు కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్లున్నారు, నేనూ ఆ మేళంలో చేరిపోయాను. కానీ మొదటి ట్రిప్పుకే అటు వెళ్లకండి. ఖాళీ చేతులతో ఇంటికొచ్చి 600 డాలర్ల లెక్క చెప్పడం కష్టం.

గైడ్ ఏ పద్ధతివాడో ముందే తెలుసుకోండి. కొందరు ఎరగా గుడ్లు ముట్టుకోరు, కొందరు ఫ్లై రాడ్ తెస్తే నవ్వుతారు.

బుక్ చేసేముందు ఫోన్లో

నేను మొదట అడిగే ప్రశ్న: "ముందురోజు రాత్రి వాన పడితే ఏం చేస్తారు?" మంచి గైడ్ జవాబు వెంటనే వస్తుంది. ఫలానా ఏరు బురదైతే ఫలానా చోటికి మారుస్తాను, అన్నీ పోతే తేదీ మారుస్తాను, అడ్వాన్స్ పోదు అంటాడు. "చూద్దాం, ఏదో ఒకటి చేద్దాం" అనేవాడిని వదిలేయండి. ఈరీ తీరంలో ఒకే వాగుకి కట్టుబడ్డ గైడ్ కన్నా రాత్రి తొమ్మిదింటికి క్యూసెక్కులు చూసి "రేపు ఆరింటికి ఇక్కడికి రండి" అని మెసేజ్ పెట్టేవాడు మేలు. హోటల్ కూడా అందుకే రద్దు చేసుకునే వీలున్నది తీసుకోండి.

తర్వాత, వేడర్స్ (నీళ్లలో దిగేటప్పుడు తడవకుండా వేసుకునే తొడుగు) మన సైజువి ఇస్తాడా, చేపని ఇంటికి తీసుకెళ్లనిస్తాడా, న్యూయార్క్‌లో అయితే రాష్ట్రం ఇచ్చే గైడ్ లైసెన్స్ ఉందా. నిన్న ఎన్ని పడ్డాయి అని అడగడం మానేశాను. నిన్నటి నీళ్లు రేపు ఉండవు.

ఏ వారం అంటే, ఈరీ తూర్పు వాగులకి అక్టోబర్ మధ్య తర్వాత పడిన మొదటి గట్టి వాన, మిగతా అన్నిటికీ నవంబర్ మొదటి మూడు వారాలు. ఆ శనివారాలు వేసవిలోనే నిండిపోతాయి. ఒక రోజు సెలవు పెట్టి బుధవారమో గురువారమో తీసుకుంటే గైడ్ తీరిగ్గా ఉంటాడు, నీళ్లూ ఖాళీగా ఉంటాయి.

క్లీవ్‌లాండ్, కొలంబస్ నుంచి మొదటిసారి వచ్చేవాళ్లకి నా మాట: నవంబర్, ఒహాయోలోనో పెన్సిల్వేనియాలోనో నడిచే ట్రిప్పు, బెండు, గుడ్లు, ఏరు మార్చగల గైడ్. న్యూజెర్సీ వాళ్లు నవంబర్ మొదట్లో పులాస్కిలో డ్రిఫ్ట్ బోటు తీసుకోండి. బఫెలో, రోచెస్టర్ వాళ్లూ, ఇప్పటికే ఫ్లై రాడ్ ఉన్నవాళ్లూ కాటరాగస్‌కి, వాన లేని వారం చూసుకుని.

ఇక పులుసు సంగతి

అందరూ చివర్లో అడిగేది ఇదే. ఒహాయోలో సెప్టెంబర్ 1 నుంచి మే 15 దాకా రోజుకి రెండు, 12 అంగుళాలు దాటినవి ఉంచుకోవచ్చు. పెన్సిల్వేనియా, న్యూయార్క్ లెక్కలు వేరు, ఏటికేడు మారుతుంటాయి, బయల్దేరేముందు చూసుకోండి. ఈ సరస్సుల చేపల్లో పీసీబీలు అనే పాత పారిశ్రామిక విషాల అవశేషాలుంటాయి కాబట్టి నెలకి ఎంత తినొచ్చో రాష్ట్రాల ఆరోగ్య శాఖలు చెబుతాయి. గర్భిణులకీ చిన్నపిల్లలకీ హద్దులు ఇంకా గట్టివి. రుచి అంటారా, చింతపండు పులుసులో ముక్క విడిపోతుంది. ఆవపిండి, అల్లం పట్టించి నిప్పుల మీద కాలిస్తే బాగుంటుంది.

అయినా మంచి సీజన్ సరిగ్గా కార్తీక మాసంలో పడుతుంది. మా ఆవిడ ఆ నెలంతా ఇంట్లోకి చేప రానివ్వదు. దాంతో పట్టి వదిలేయడం నాకు సిద్ధాంతం కాకముందే అలవాటైంది. ఈ సంగతి ఫోన్లో చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు. "వదిలేయడానికా ఒరేయ్ అంత డబ్బు కట్టి అంత చలిలో నిలబడేది?" అన్నారు. వచ్చే నవంబర్లో ఆయన ఇక్కడ ఉంటారు. పులాస్కిలో డ్రిఫ్ట్ బోటు బుక్ చేశాను. పడవలో కాళ్ల దగ్గర గ్యాస్ హీటర్ పెడతారని చెప్పాను, చలికి భయపడకుండా ఉంటారని.

"దాని మీద మూకుడు పడుతుందా?" అని అడిగారు.